నడిసముద్రంలో దోపిడీ... దండుగ మన దుక్కిలో!

2024 అక్టోబరు. నిమ్మనపల్లెలో ఒక ఎరువుల అంగడి ముందు పదిమంది రైతులు నిలబడి ఉన్నారు. టమాటా నారు సిద్ధంగా ఉంది. దుక్కిలో వెయ్యడానికి డీఏపీ లేదు. అంగడాయన చేతులెత్తేశాడు. 'ఓడ రాలేదు, నేనేం చేసేది?' అన్నాడు. పక్కనే తువ్వాలు భుజాన వేసుకున్న ఒక పెద్దాయన నా వైపు తిరిగి, 'ఏం సామీ, మన ఊరికి బస్సే టయానికి రాదే, ఇంక ఓడ ఎక్కడ్నించి వస్తుంది?' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కానీ రైతు సోదరులారా, ఆ పూట అంగడాయన చెప్పింది నిజం. మనకు సముద్రం కనిపించదు. మనలో చాలామంది తిరుపతి దాటి తూర్పుకు పోయింది ఏ పెళ్ళికో, ఏ ఆస్పత్రికో తప్ప లేదు. బాహుదా ప్రాజెక్టులో నీళ్ళు చేరితే అదే మనకు సముద్రం. అయినా మన దుక్కిలో పడే బస్తా సముద్రం దాటి వస్తోంది. మన తోపులో కోసిన కాయ గుజ్జుగా మారి సముద్రం దాటి పోతోంది. ఆ దారిలో ఎవడైనా తుపాకీ పట్టుకుని నిలబడితే ఆ సెగ మన గుమ్మం దాకా వస్తుంది. ఎలా వస్తుందో, మనం ఏం చెయ్యాలో నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఎవరీ దొంగలు?

ఆఫ్రికా తూర్పు తీరాన సోమాలియా అనే దేశం ఉంది. 1991లో అక్కడి ప్రభుత్వం కూలిపోయింది. అడిగే నాథుడు లేకపోయేసరికి విదేశీ మరబోట్లు వచ్చి ఆ తీరంలోని చేపలను ఊడ్చుకుపోయాయి. చిన్న బోట్లు, చిన్న వలలు ఉన్న జాలర్ల పొట్ట కొట్టాయి. మొదట్లో ఆ జాలర్లే కొందరు తుపాకులు పట్టుకుని విదేశీ బోట్లను ఆపి డబ్బు గుంజారు. ఆ తర్వాత అందులో లాభం కనిపెట్టి షావుకార్లు దిగారు. పడవకు, ఇంజనుకు, తుపాకీకి పెట్టుబడి పెట్టి పేద కుర్రవాళ్ళను నడిసముద్రంలోకి తోలారు. ఓడను పట్టడం, ఒడ్డుకు లాక్కుపోవడం, లోపలి మనుషులను అడ్డం పెట్టుకుని కోట్లు అడగడం... ఇదీ వ్యాపారం.

ప్రపంచ బ్యాంకు 2013లో వేసిన లెక్క ప్రకారం 2005 నుంచి 2012 దాకా ఈ దొంగలకు అందిన సొమ్ము 33.9 కోట్ల నుంచి 41.3 కోట్ల డాలర్లు. అందులో ఎక్కువ వాటా పెట్టుబడి పెట్టినవాడిది. ప్రాణం పణంగా పెట్టి ఓడ ఎక్కినవాడికి దక్కేది చిల్లర. చేను దున్నేది ఒకడు, గింజ కొలుచుకునేది ఇంకొకడు అన్నట్టుగా ఉంది కదా! దొంగతనంలో కూడా అదే లెక్క.

2008 అక్టోబరు నుంచి మన నౌకాదళం ఆ దారిలో కాపలా కాస్తోంది. ఇతర దేశాల యుద్ధనౌకలూ వచ్చాయి. 2012 తర్వాత దోపిడీలు బాగా తగ్గాయి. దొంగల పీడ విరగడైందని అందరూ అనుకున్నారు. ఇంతలో 2023 నవంబరు 19న ఎర్రసముద్రంలో ఇంకో మంట లేచింది. యెమెన్ దేశంలోని హూతీ దళాలు 'గెలాక్సీ లీడర్' అనే ఓడను పట్టుకున్నాయి. ఆ తర్వాత దారిన పోయే ఓడల మీద క్షిపణులు వేశాయి. వాళ్ళది రాజకీయ పోరు, సోమాలియా వాళ్ళది డబ్బు కోసం చేసే దోపిడీ. రెండూ ఒకటి కాదు. కానీ యుద్ధనౌకలన్నీ ఎర్రసముద్రం వైపు కళ్ళు తిప్పేసరికి సోమాలియా దొంగలు మళ్ళీ తలెత్తారు. 2023 డిసెంబరులో 'రుయెన్' అనే సరకు ఓడను పట్టుకుపోయారు. 2017 తర్వాత వాళ్ళు ఓడను పట్టుకుపోగలగడం అదే మొదలు. 2024 మార్చి 16న మన ఐఎన్ఎస్ కోల్‌కతా యుద్ధనౌక 40 గంటలు వెంటాడి ఆ ఓడను విడిపించింది. 35 మంది దొంగలు లొంగిపోయారు. ఓడ సిబ్బంది 17 మందీ క్షేమం.

ఇదంతా సినిమా కథలా ఉంది, మనకేం పని అంటారా? ఇక్కడి నుంచే మన లెక్క మొదలవుతుంది.

బస్తాకు యాభై రూపాయలు

మదనపల్లె నుంచి మద్రాసుకు టమాటా లారీ పోతుందనుకోండి. మామూలు దారిలో దొంగల భయం ఉందని డ్రైవరు చుట్టుదారిన పోయాడు. డీజిలు ఎక్కువైంది, ఒక రోజు ఎక్కువైంది. బాడుగ ఎవరు కట్టాలి? లారీ యజమాని కట్టడు, మండీ వాళ్ళు కట్టరు. మన చీటీలో కోసేస్తారు. ఓడ సంగతీ అంతే.

యూరప్‌కూ మనకూ మధ్య దగ్గర దారి ఎర్రసముద్రం, సూయజ్ కాలువ. ఆ దారి వద్దనుకుంటే ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టి గుడ్‌హోప్ అగ్రం మీదుగా రావాలి. సుమారు 6,500 కిలోమీటర్లు ఎక్కువ. పది రోజుల నుంచి రెండు వారాలు ఆలస్యం. ఆ మేరకు ఆయిలు, జీతాలు, ఓడ బాడుగ అన్నీ పెరుగుతాయి.

పోనీ ధైర్యం చేసి దగ్గర దారినే వద్దామా అంటే ఇన్సూరెన్సు వాళ్ళు ఊరుకోరు. 2024 మొదట్లో ఎర్రసముద్రం దాటే ఓడకు ఒక్క ప్రయాణానికి ఓడ విలువలో నూటికి ఒక వంతు దాకా అదనపు ప్రీమియం అడిగారు. ఉజ్జాయింపుగా ఒక లెక్క వేద్దాం. ఓడ ఖరీదు 400 కోట్లు అనుకోండి. నూటికి ఒకటి అంటే 4 కోట్లు. ఆ ఓడలో 40 వేల టన్నుల ఎరువు ఉంటే 8 లక్షల బస్తాలు. 4 కోట్లను 8 లక్షలతో భాగించండి. బస్తాకు 50 రూపాయలు! దొంగ ఓడ ఎక్కనే లేదు, తుపాకీ పేలనే లేదు. దొంగ ఉన్నాడన్న భయం ఖరీదే బస్తాకు 50 రూపాయలు.

ఈ భయానికి గీతలు గీసేవాళ్ళు కూడా ఉన్నారు. 2010లో ఓడల కంపెనీల సంఘాలు సోమాలియా దొంగల 'ప్రమాద ప్రాంతం' ఇక్కడిదాకా అని పటం మీద 78 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు గీత గీశాయి. ఆ గీతను అలాగే నేల మీదికి పొడిగిస్తే ఎక్కడికి వస్తుందో తెలుసా? మన టమాటా వ్యాపారులకు బాగా తెలిసిన చింతామణి ఊరిని రాసుకుంటూ పోతుంది! సోమాలియా ఎక్కడ, చింతామణి ఎక్కడ? కేరళ, గోవా, బొంబాయి తీరమంతా ఆ గీతకు అటువైపే పడింది. మన పడమటి రేవులకు వచ్చే ఓడలు దొంగల దారిలో ఉన్నట్టు లెక్క. మన ప్రభుత్వం మొత్తుకోగా మొత్తుకోగా 2015 డిసెంబరులో ఆ గీతను వెనక్కి జరిపారు. 2023 జనవరి 1న ఆ ప్రాంతాన్నే ఎత్తేశారు. అయిదేళ్ళపాటు మనం ఎవడో గీసిన గీతకు కప్పం కట్టాం. ఎవరికి కట్టామో మనకు తెలియదు.

బోర్డు ఉంది, బస్తా లేదు

ఇక డీఏపీ సంగతి. మన దేశంలో వాడే పొటాష్ దాదాపు అంతా బయటినుంచే రావాలి. డీఏపీలో సగం పైగా బయటిదే. మిగతాది ఇక్కడ తయారైనా దాని ముడిసరకు చాలావరకు ఓడల్లోనే వస్తుంది. 2024లో ఎర్రసముద్రం గొడవ వల్ల ఎరువుల ఓడలు చుట్టుదారిన రావలసి వచ్చిందని, అందుకే డీఏపీ లభ్యత దెబ్బతిన్నదని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది.

బస్తా ధర మాత్రం 1,350 రూపాయలు దాటకూడదని కేంద్రం కట్టడి చేసింది. టన్నుకు 3,500 రూపాయలు అదనపు సాయం కూడా ఇచ్చింది. మంచిదే, కాదనం. కానీ ధరకు కట్టు వేసినంత మాత్రాన సరకు వచ్చి పడదు. బయట కొన్న ధర, ఓడ బాడుగ కలిపి గిట్టకపోతే కంపెనీవాడు తెప్పించడు. అప్పుడేమవుతుంది? అంగట్లో 1,350 అని బోర్డు ఉంటుంది, బస్తా ఉండదు. ఉన్న నాలుగు బస్తాలకు ఇంకేదో డబ్బా కొంటేనే ఇస్తామనే మెలిక ఉంటుంది. రెండు ఎకరాల రైతు పని మానుకుని మూడుసార్లు తిరిగితే మూడు రోజుల కూలి పోయినట్టే. ఆ నష్టం ఏ లెక్కలోనూ రాదు.

ఇంకొక్క సంగతి. 2024 ఫిబ్రవరి 18న 'రూబీమార్' అనే ఓడ మీద హూతీల క్షిపణి పడింది. మార్చి 2న ఆ ఓడ ఎర్రసముద్రంలో మునిగిపోయింది. దానిలో ఉన్నదేమిటో తెలుసా? సుమారు 21 వేల టన్నుల అమ్మోనియం ఫాస్ఫేట్ సల్ఫేట్. మన అంగళ్ళలో 20-20-0-13 అని అమ్మే ఎరువు ఈ రకానిదే. బస్తాల లెక్కన 4 లక్షల 20 వేలు. అది మన దేశానికి రావలసిన ఓడ కాదు. అయినా అన్ని బస్తాలు ఉప్పునీళ్ళలో కలిసిపోయాయంటే రైతు అన్నవాడికి కడుపు తరుక్కుపోదా?

మామిడికాయకు సముద్రం దెబ్బ

వచ్చే సరకు సంగతి అది. పోయే సరకు సంగతి చూడండి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో తోతాపురి కాయ ఎక్కువగా పోయేది జ్యూస్ ఫ్యాక్టరీలకే. అక్కడ గుజ్జు తీసి, డ్రమ్ముల్లో నింపి, మద్రాసు రేవు నుంచి గల్ఫ్ దేశాలకు, యూరప్‌కు పంపుతారు. ఎర్రసముద్రం దారి మూసుకుంటే యూరప్ డ్రమ్ము ఆలస్యమవుతుంది. కంటైనరు బాడుగ కొన్ని రెట్లు పెరుగుతుంది. అక్కడి వ్యాపారి ధర తగ్గించమంటాడు. ఇక్కడి ఫ్యాక్టరీలో డ్రమ్ములు పేరుకుపోతాయి.

2025లో ఏం జరిగిందో మీరు మరచిపోయి ఉండరు. కాయ విరగకాసింది. నిరుటి గుజ్జు నిల్వలు అలాగే ఉన్నాయి, ఎగుమతులు లేవు అని ఫ్యాక్టరీలవాళ్ళన్నారు. ట్రాక్టర్లు గేట్ల ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. కాయలు ట్రాలీల్లోనే మగ్గిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అని ప్రకటించింది. ఫ్యాక్టరీ 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అంది. ఆ 8 రూపాయలు కూడా అందలేదని ఎంతమంది రైతులు రోడ్డెక్కారో చూశాం.

తప్పంతా సముద్రం మీదికి తోసేయడం నా ఉద్దేశం కాదు. కాయ ఎక్కువ కావడం ఒక కారణం. మనం ఒకే రకం నాటుకుని ఒకే గేటు ముందు నిలబడటం ఇంకో కారణం. అయితే నాకు ఒక అనుమానం. ఓడ బాడుగ పెరిగినప్పుడు కాయ ధర కోస్తారు, సరే. ఆ బాడుగ దిగినప్పుడు కాయ ధర ఎవరైనా పెంచారా? ఇన్నేళ్ళుగా మండీల చుట్టూ, ఫ్యాక్టరీల చుట్టూ తిరుగుతున్నాను. 'ఈసారి ఓడ బాడుగ తగ్గింది, మీకు కిలోకు రూపాయి ఎక్కువ' అన్న మాట ఒక్కసారి కూడా వినలేదు. కష్టం వస్తే పైనుంచి కిందికి జారుతుంది. లాభం వస్తే పైనే ఆగిపోతుంది.

ఓడ యజమానికి ఇన్సూరెన్సు ఉంది. ఇన్సూరెన్సువాడికి ప్రీమియం ఉంది. ఎగుమతిదారు ఫ్యాక్టరీ ధర కోస్తాడు. ఫ్యాక్టరీవాడు రైతు ధర కోస్తాడు. రైతు ఎవరిది కోయాలి? మన కింద ఇంకెవరూ లేరు. ఆంబోతుల కుమ్ములాటలో లేగల కాళ్ళు విరిగినట్టు అంటే ఇదే.

తుపాకీ పేదవాడి వైపే

ఈ లేగల్లో రైతు ఒక్కడే లేడు. 2010 సెప్టెంబరులో 'అస్ఫాల్ట్ వెంచర్' అనే ఓడను సోమాలియా దొంగలు పట్టారు. అందులో 15 మంది మన దేశంవాళ్ళు. 2011 ఏప్రిల్‌లో డబ్బు ముట్టింది. ఓడను వదిలారు, 8 మందిని వదిలారు. మిగతా ఏడుగురిని వదల్లేదు. మన నౌకాదళం పట్టుకున్న తమ మనుషులను విడిచిపెట్టమన్నారు. ఆ ఏడుగురు విడుదలైంది 2014 అక్టోబరు చివర్లో. నాలుగేళ్ళు! ఓడ ముందే వచ్చేసింది, మనుషులు మిగిలిపోయారు.

2012 ఫిబ్రవరి 15న కేరళ తీరం దగ్గర ఇంకో ఘోరం. 'ఎన్రికా లెక్సీ' అనే ఇటలీ ఓడకు కాపలా ఉన్న సైనికులు చేపల పడవను చూసి దొంగల పడవ అనుకుని కాల్చారు. ఇద్దరు జాలర్లు చనిపోయారు. ఒకరిది కేరళ, ఒకరిది తమిళనాడు. కేసు దేశాలు తిరిగి తిరిగి 2021లో 10 కోట్ల పరిహారంతో ముగిసింది. చేపలు పట్టుకునేవాడు దొంగగా ఎందుకు కనిపించాడు? ముందు చెప్పుకున్న భయం గీత మన తీరం దాకా వచ్చింది కాబట్టి. ఆ భయానికి మనం బస్తా మీద రూపాయలు కడితే వాళ్ళు ప్రాణం కట్టారు.

1999లో 'అలోండ్రా రెయిన్‌బో' అనే జపాను ఓడను ఎత్తుకుపోతున్న దొంగలను మన నౌకాదళం, కోస్తా రక్షకదళం పట్టుకున్నాయి. బొంబాయి కోర్టు శిక్ష వేసింది. 2005లో హైకోర్టు విడిచిపెట్టింది. సముద్రపు దొంగతనానికి సరైన చట్టం లేకపోవడమే మన బలహీనత. ఆ చట్టం పార్లమెంటులో గట్టెక్కింది 2022 డిసెంబరులో. రుయెన్ ఓడ దొంగలను బొంబాయికి తెచ్చి కేసు పెట్టింది ఆ చట్టం కిందే. ఆలస్యమైనా మంచి పని.

ప్రభుత్వం చెయ్యవలసింది

సముద్రంలో కాపలా నౌకాదళం చూసుకుంటుంది. 2024 జనవరిలో మన విశాఖపట్నం పేరు పెట్టుకున్న యుద్ధనౌక, క్షిపణి తగిలి మండుతున్న 'మార్లిన్ లువాండా' ఓడ మంటలార్పడానికి పోయింది. అందులో 22 మంది మనవాళ్ళు. గర్వపడాల్సిందే. అయితే ఓడకు ఇచ్చిన కాపలా రైతుకు కూడా ఇవ్వాలని నా మనవి.

ఒకటి: దారి మూసుకున్నాక ఓడలు వెతకడం కాదు. ఖరీఫ్‌కు ముందే, రబీకి ముందే డీఏపీ, పొటాష్ నిల్వలు మండలం దాకా చేరాలి. ఏ అంగట్లో, ఏ రైతు సేవా కేంద్రంలో ఎన్ని బస్తాలున్నాయో రోజూ పలక మీద రాయాలి. అప్పుడు ఓడ రాలేదన్నది నిజమో, గోడౌన్ తాళం తియ్యలేదన్నది నిజమో తేలిపోతుంది.

రెండు: తోతాపురి ధర కాయ కోతకు వచ్చాక కాదు, పిందె దశలోనే మాట్లాడాలి. ఏ ఫ్యాక్టరీ దగ్గర పాత గుజ్జు ఎంత ఉంది, ఈసారి ఎన్ని టన్నులు కొంటుంది అన్నది ముందే చెప్పించాలి. రైతు ఆశతో కాయ కోసి ట్రాలీలో పోశాక చెప్పే నిజం వల్ల లాభం లేదు.

మూడు: ఎగుమతిదారుకు ఓడ బాడుగ సాయం ఇస్తే ఇవ్వండి. కానీ అది రైతు ధరతో ముడిపెట్టి ఇవ్వండి. రైతుకు చెప్పిన ధర కట్టిన రసీదు చూపినవాడికే సాయం.

నాలుగు: బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో, అంగన్‌వాడీల్లో మన మామిడి గుజ్జుకు చోటివ్వాలి. సముద్రం దాటక్కర్లేని గిరాకీ ఉంటే దొంగకూ, క్షిపణికీ భయపడక్కర్లేదు.

మన చేతిలో ఉన్నది

ప్రభుత్వం చేసేలోపు మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. డీఏపీ దొరక్కపోతే సేద్యం ఆగిపోదు. ఒక బస్తా డీఏపీలో ఉండేది 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 20 కిలోల యూరియా వేస్తే అంతే అందుతుంది. పైగా సూపర్‌లో గంధకం, కాల్షియం ఉంటాయి. చెనిక్కాయ పంటకు ఇది మరీ మంచిది. సూపర్‌కు వాడే రాయి కూడా కొంత బయటి నుంచే వస్తుంది. అయినా ఒక్క డీఏపీ మీదే ఆధారపడటం కంటే నయం.

టమాటా మడికి పంట పంటకూ డీఏపీ గుమ్మరిస్తుంటారు. ఆ భాస్వరం కొంత నేలలో పేరుకుని ఉండిపోతుంది. ముందు మట్టి పరీక్ష చేయించండి. దగ్గర్లో కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, సలహా అడగండి. భాస్వరం ఎక్కువని తేలితే ఆ మేరకు డీఏపీ తగ్గించుకోవచ్చు. నేలలో బిగుసుకున్న భాస్వరాన్ని మొక్కకు అందించే ఫాస్ఫో బ్యాక్టీరియాను చివికిన పశువుల ఎరువులో కలిపి దుక్కిలో వెయ్యండి. పొటాష్‌కు కూడా చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసిన రకం మన దేశంలోనే తయారవుతోంది. దొరికితే వాడి చూడండి. దీనిలో పొటాష్ శాతం తక్కువ కాబట్టి మోతాదు అడిగి తెలుసుకోండి.

మామిడి రైతులు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక్కొక్కరుగా నిలబడితే ఒక్కొక్కరుగానే మోసపోతాం. ఊరికొక గుంపుగా పోయి ధర కాగితం మీద రాయించుకోండి. కొత్తగా మొక్కలు నాటేవాళ్ళు అంతా తోతాపురే పెట్టకుండా ఊళ్ళోనే అమ్ముడుపోయే తినే రకాలకూ కొంత చోటివ్వండి.

ఒక మాట గుర్తుంచుకోండి. 2025 నవంబరులో కూడా గుజరాత్‌లోని సిక్కా రేవు నుంచి దక్షిణాఫ్రికాకు పెట్రోలు తీసుకుపోతున్న 'హెల్లాస్ ఆఫ్రొడైటీ' అనే ఓడను సోమాలియా దొంగలు ఎక్కారు. సిబ్బంది లోపల దాక్కున్నారు, స్పెయిన్ యుద్ధనౌక వచ్చి కాపాడింది. ఈ పీడ ఒక్కసారితో పోయేది కాదు. తగ్గుతుంది, మళ్ళీ లేస్తుంది.

అందుకే రేపు ఎవరైనా 'ఓడ రాలేదు' అంటే నవ్వి ఊరుకోకండి. తలవంచుకుని వెనక్కీ రాకండి. ఏ ఓడ? ఎప్పుడు రావాలి? పోయిన ఓడలో వచ్చిన బస్తాలేవి? బాడుగ తగ్గినప్పుడు మాకేం తగ్గించారు? అని అడగండి. పదిమంది కలిసి అడగండి. నడిసముద్రంలో దొంగను పట్టడానికి యుద్ధనౌక కావాలి. గట్టు మీద జరిగే దోపిడీని ఆపడానికి ముందుగా అడిగే నోరు కావాలి. అది మన దగ్గర ఉంది.